జీపు కొన్న మేనల్లుడికి: దారి తెరిచి ఉండాలంటే

చిరంజీవి వంశీకి,

మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రాంగ్లర్ జీపు కొన్నావని, జీపులవాళ్ళ క్లబ్బులో చేరావని, కాలిఫోర్నియాలోని సియెరా కొండల్లో నీకు నచ్చిన ఒక దారిని మూసివేసే ప్రతిపాదన వచ్చిందని తెలిసి ఇంటర్నెట్‌లో ఒక పిటిషన్‌పై సంతకం చేశావని రాశావు. ఇంకా ఏం చేయవచ్చునని అడిగావు. ఆ సంతకం వల్ల నష్టమేమీ లేదు, కానీ ఒరిగేది కూడా పెద్దగా ఏమీ లేదు. అమెరికాలో ప్రభుత్వ భూముల మీద బండ్లు తిరిగే దారులను ఉంచాలా, మూయాలా అన్నది ఎవరి వైపు ఎందరున్నారో లెక్కపెట్టి తేల్చే వ్యవహారం కాదు. ఆ దారి గురించి ఫైలులో ఏముందో దాన్ని బట్టి అధికారి నిర్ణయం రాస్తాడు. ఎవరైనా ఆ నిర్ణయాన్ని కోర్టుకు లాగితే జడ్జి కూడా సాధారణంగా అదే ఫైలు తెరిచి చూస్తాడు. కాబట్టి నీకు కళ్ళారా తెలిసిన నిజాన్ని గడువు దాటకముందే ఆ ఫైలులోకి చేర్చడమే నీ అసలు పని.

ఈ వ్యవస్థ ఎలా ఏర్పడిందో కొంత తెలిస్తే నీ రాతకు బలం వస్తుంది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ జారీ చేసిన 11644వ కార్యనిర్వాహక ఆదేశం, బండ్ల దారులను ఎంపిక చేసేటప్పుడు నేలకు, నీటి వనరులకు, చెట్టుచేమలకు జరిగే నష్టాన్నీ, వన్యప్రాణులకు కలిగే ఇబ్బందినీ, నడిచేవాళ్ళు, గుర్రాలపై వెళ్ళేవాళ్ళు వంటి ఇతరులతో తలెత్తే ఘర్షణనూ వీలైనంత తగ్గించాలని చెప్పింది. 1977లో కార్టర్ దానికి మరింత పదును పెట్టాడు: నష్టం తీవ్రంగా ఉందని అధికారి తేల్చుకుంటే ఆ చోటును బండ్లకు వెంటనే మూసివేయాలన్నాడు. ఆ తరువాతి వ్యాజ్యాలు చాలావరకు ఈ మాటల చుట్టూనే నడిచాయి. 2005లో, జాతీయ అడవులను చూసుకునే ఫారెస్ట్ సర్వీసు తెచ్చిన ట్రావెల్ మేనేజ్‌మెంట్ నియమం మరో పెద్ద మలుపు. అంతకుముందు చాలా అడవుల్లో మూసినట్టు చెప్పని చోటల్లా బండి నడపవచ్చుననే వాడుక ఉండేది. ఆ నియమం వచ్చాక మ్యాపులో చూపిన దారి మాత్రమే తెరిచి ఉన్నట్టు లెక్క. ఆ మ్యాపు పేరు మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్. చూడడానికి ఏ అందమూ లేని నలుపు తెలుపు కాగితం, పైగా ఉచితం. నీ బండికి పెట్టిన ఖరీదైన లైట్లన్నిటికన్నా ముందు అది నీ దగ్గర ఉండాలి. దారి మొదట్లో బోర్డు లేదు కాబట్టి వెళ్ళానంటే ఫారెస్టు వాళ్ళు వినరు. మ్యాపు చూసుకోవలసిన బాధ్యత బండి నడిపేవాడిదే.

ఇక నువ్వు రాయవలసిన కామెంట్ సంగతి. ఒక పథకాన్ని ప్రతిపాదించినప్పుడు ప్రజల అభిప్రాయాలు స్వీకరించడానికి కొంత గడువు ఇస్తారు. ఇన్నాళ్ళూ నడిచిన పద్ధతిలో చిన్న పరిశీలన పత్రానికి 30 రోజులు, పూర్తిస్థాయి పర్యావరణ ప్రభావ నివేదికకు 45 రోజులు ఉండేవి. 2025 నుంచి ఈ నియమాల్లో కోతలు, మార్పులు మొదలయ్యాయి. అందువల్ల పాత లెక్కల మీద ధీమా పెట్టుకోకుండా, నోటీసులో రాసి ఉన్న తేదీనే ప్రమాణంగా తీసుకో. ఫారెస్ట్ సర్వీసులో ప్రతి అడవికీ ప్రతిపాదిత పనుల జాబితా ఒకటి మూడు నెలలకొకసారి వెలువడుతూ వచ్చింది. మన క్లబ్బుల్లో దాన్ని చదివేవాళ్ళు బహు తక్కువ. గడువు ముగిశాక సమావేశాలు పెట్టి గోల చేసేవాళ్ళు మాత్రం ఎక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

గడువులోగా రాయడం వల్ల మరో ప్రయోజనం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ముసాయిదా నిర్ణయం వచ్చాక దానిపై అధికారికంగా అభ్యంతరం తెలిపే హక్కు, సాధారణంగా, అంతకుముందు గడువులోగా నిర్దిష్టమైన కామెంట్ రాసినవారికే ఉంటుంది. అప్పుడు మౌనంగా ఉండి తరువాత గొంతెత్తితే, నీ మాట ఎంత న్యాయమైనదైనా వినవలసిన పని వాళ్ళకు లేదు. యూటా వంటి రాష్ట్రాల్లో ఎక్కువ దారులు బీఎల్‌ఎం అనే భూనిర్వహణ సంస్థ కింద ఉంటాయి. అక్కడ నిర్ణయం నచ్చకపోతే ఇంటీరియర్ శాఖలోని అప్పీళ్ళ బోర్డుకు 30 రోజుల్లో వెళ్ళాలి. మోయాబ్ దగ్గర లాబిరింత్ రిమ్స్, జెమినై బ్రిడ్జెస్ ప్రాంతంలో 2023 సెప్టెంబరులో 317 మైళ్ళ దారులను మూస్తూ బీఎల్‌ఎం నిర్ణయం వెలువడినప్పుడు, ఏ దారి ఎందుకు విలువైనదో ఫైలులో ముందే చెప్పి ఉంచినవాళ్ళకే వాదించడానికి ఆధారం మిగిలింది.

"ఈ దారి నాకు ప్రాణం, దయచేసి మూయకండి" అని రాస్తే అధికారి దాన్ని చదివి పక్కన పెడతాడు. ఒకే నమూనాను వెయ్యిమంది కాపీ చేసి పంపినా, అందులో ఉన్న విషయం ఒక్కటే కాబట్టి దానికి ఒక్క జవాబే రాసుకుంటారు. అలా కాకుండా ఇలా రాయి: "ఫలానా నంబరు దారి ఫలానా రోడ్డు దగ్గర మొదలై ఫలానా చెరువు గట్టున ఉన్న మూడు గుడారాల స్థలాల దాకా పోతుంది. దీన్ని మూస్తే చుట్టు తిరిగి వచ్చే మార్గం తెగిపోయి, బండ్లన్నీ పక్క దారిలోనే వెళ్ళి, అందులోనే వెనక్కి రావలసి వస్తుంది. అది ఒక్క బండి పట్టే ఇరుకు దారి. మీ నివేదికలో వాగు దాటే చోట గట్టు కోతకు గురైందని రాశారు. ఆ చోటును జూన్‌లో నేను తీసిన ఫోటోలు జతచేస్తున్నాను. కోత అసలు దారిలో లేదు, దానికి ఎడమ పక్కన పడిన దొంగదారిలో ఉంది. ఆ దొంగదారికి అడ్డంగా బండరాళ్ళు పెట్టి, వానాకాలంలో గేటు మూస్తే సమస్య తీరుతుంది. ఆ పనికి మా క్లబ్బు మనుషులను ఇస్తుంది." ఇందులో ఆవేశం ఎక్కడా లేదు. అధికారి కాదనాలంటే కారణం చూపవలసిన విషయాలు మాత్రం నాలుగైదు ఉన్నాయి. అందుకే ఇప్పటి నుంచే, వెళ్ళిన ప్రతిచోటా దారి నంబరు, తేదీ, జీపీఎస్ గుర్తులతో ఫోటోలు తీసి దాచుకో. సెల్ఫీలు తరువాత తీసుకోవచ్చు.

ఫైలు బలహీనంగా ఉంటే తెరిచిన దారి కూడా మూతపడుతుందనడానికి మా ఊరి పక్కనున్న ఎల్డొరాడో జాతీయ అటవీ ప్రాంతమే సాక్ష్యం. 2008లో అక్కడి అధికారులు ఏ దారులు తెరిచి ఉంటాయో నిర్ణయించారు. పర్యావరణ సంఘాలు దావా వేశాయి. పచ్చికబయళ్ళ గుండా పోయే దారులు ఆ అడవి ప్రణాళికలోనే ఉన్న నీటి ప్రవాహ నియమానికి సరిపోతాయో లేదో అధికారులు సరిగా పరిశీలించలేదని కోర్టు తప్పుపట్టింది. ఫలితంగా 2012లో 42 దారులు మూతపడ్డాయి. మళ్ళీ పరిశీలన జరిపాక వాటిలో కొన్ని తెరుచుకున్నాయి. అధికారులు మనవైపే ఉన్నారు గదా, మనకేం భయం అనుకున్నవాళ్ళందరికీ ఆ వేసవి దెబ్బ గట్టిగానే తగిలింది.

పచ్చికబయలు గురించి అంత పట్టింపు దేనికని నువ్వు అడగవచ్చు. వేసవి మొదట్లో అటువంటి బయలు ఒకదాని అంచున దిగి, వంగి చూడు. మంచు కరిగిన నీరు పల్చటి పొరలా గడ్డి వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా పాకుతుంది, నేల స్పాంజిలా పీల్చుకుంటుంది. తడి నేల మీద ఒక్క బండి వెళ్ళినా జానెడు లోతు చక్రాల గాళ్ళు పడతాయి. నీరు పరుచుకోవడం మాని ఆ గాళ్ళలోకి చేరుతుంది, వేగం పుంజుకుంటుంది, గాడిని కాలవగా కోస్తుంది. కాలవ లోతయ్యేకొద్దీ చుట్టుపక్కల భూమిలోని నీటిమట్టం దానితోపాటే దిగిపోతుంది. కొన్నేళ్ళలో తడిగడ్డి పోయి పొడినేలలో పెరిగే పొదలు వస్తాయి. ఇదంతా కళ్ళారా చూశాక, అటువంటి చోట కొన్ని దారులు మూయవలసినవేనని నేను బహిరంగంగానే చెబుతాను. క్లబ్బులో కొందరికి నా మాట రుచించదు. కానీ మూయవలసినదాన్ని మూయమని చెప్పినవాడి మాటను, అతను తెరిచి ఉంచమని అడిగినప్పుడు కూడా అధికారి చెవిన పెడతాడు.

రూబికాన్ దారి కథ నీకు కొంత తెలిసే ఉంటుంది. జార్జ్‌టౌన్ వైపు నుంచి తాహో సరస్సు దాకా సుమారు 22 మైళ్ళు. 1887లోనే ఎల్డొరాడో కౌంటీ దాన్ని ప్రజా రహదారిగా ప్రకటించిన తీర్మానం ఉంది. నూరేళ్ళు దాటినా ఆ పాత కాగితమే దానికి పెట్టని కోట. అంతటి దారికి కూడా ముప్పు తెచ్చింది జీపుల మోత కాదు, మనుషుల మలం. స్పైడర్ లేక్ చుట్టుపక్కల ఆ కంపు భరించరానిదై 2004లో అక్కడ మకాం వేయకుండా మూసేశారు. 2009లో ప్రాంతీయ నీటి నాణ్యత బోర్డు కౌంటీకి, ఫారెస్ట్ సర్వీసుకు శుద్ధి ఆదేశం జారీ చేసింది. వాగుల్లోకి చేరే మట్టి, బండ్లు కార్చే నూనె, మానవ మలం అందులోని అభియోగాలు. అప్పుడు దారి నిలబడిందంటే అందుకు కారణం ఊరేగింపులు కావు. వాగులపై వంతెనలు కట్టారు, నీరు పక్కకు మళ్ళేలా దారిని సరిచేశారు, స్వచ్ఛంద కార్యకర్తలు సెలవుదినాల్లో పారలు పట్టుకుని వెళ్ళారు, నూనె పీల్చే సామాగ్రి, మలం మోసుకొచ్చే సంచులు ప్రతి బండిలో ఉండాలన్న అలవాటు పాకింది. నీ బండిలో అవి రెండూ ఉన్నాయా? లేకపోతే ఈ వారమే కొను. దిగబడిన బండిని లాగే వించి సంగతి తరువాత చూసుకోవచ్చు.

దారిలో నడవడిక గురించి ఎక్కువ చెప్పను, క్లబ్బు పెద్దలు చెబుతారు. ఒక్క సంగతి మాత్రం వాళ్ళు చెప్పకపోవచ్చు. ఏటవాలు దారుల్లో అడ్డంగా మట్టి దిమ్మలు కనిపిస్తాయి. కుర్రాళ్ళు అవి బండి ఎగరడానికే వేశారనుకుంటారు. వాననీటిని దారి మీద నుంచి పక్కకు దించడానికి వేసినవి అవి. వాటి మీద చక్రాలు గిర్రున తిప్పితే దిమ్మ అరుగుతుంది, పక్క నుంచి వెళ్తే దారి వెడల్పవుతుంది. రెండింట్లో ఏది చేసినా తరువాతి వానకు దారి నడిమధ్యలో గండి పడుతుంది. టైర్లలో గాలి తగ్గించి, మెల్లగా, తిన్నగా దాటు. ఊరంతా ఒకదారి ఉలిపికట్టెదొకదారి అన్నట్టు పక్కకు తిప్పేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. వాడి బురద వీడియో ఎవరో ఒకరు దాచి, రేపు మూసివేత కోరే అర్జీకి జతచేస్తారు. వాడిని ఆపవలసింది రేంజరు కన్నా ముందు నువ్వే.

నీ ఉత్తరంలో మరో సందేహం ఉంది: ఇంకా వీసా మీదే ఉన్నాను, నా మాటకు విలువ ఉంటుందా అని. కామెంట్ రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఓటు అక్కర్లేదు. బే ఏరియాలో, ఫోల్సమ్‌లో జీపులు కొన్న మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది ఈ అపోహతోనే వెనకాడుతున్నారు, వాళ్ళకు కూడా చెప్పు. అయితే రెండు జాగ్రత్తలు. నువ్వు రాసినది నీ పేరు, చిరునామాతో సహా బహిరంగ పత్రం కావచ్చు, కాబట్టి అమ్మమ్మ చదివినా నొచ్చుకోనంత మర్యాదగా రాయి. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఎన్నికల ప్రచార నిధులకు మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు, అది చట్టవిరుద్ధం. క్లబ్బు మరమ్మతు పనులకు చందా ఇవ్వు, లేదా చేతులు ఇవ్వు. కాలిఫోర్నియా రాష్ట్రం ఆఫ్‌రోడ్ గ్రాంట్లు ఇచ్చేటప్పుడు దరఖాస్తుదారు తన వాటా చూపాలి. వాలంటీర్లు పనిచేసిన గంటలను కూడా ఆ వాటాలో లెక్కగట్టుకోవచ్చు. అందువల్ల పనికి వెళ్ళిన రోజు హాజరు పుస్తకంలో సంతకం పెట్టకుండా ఇంటికి రావద్దు.

ఎదుటి పక్షంవాళ్ళను శత్రువులుగా చూడకు. వాళ్ళు రాసిన కామెంట్లు సంపాదించి చదువు. దారి నంబర్లు, వాగుల పేర్లు, కప్పలు, చేపల జాతులతో సహా ఎంత శ్రద్ధగా రాస్తారో చూస్తే మనవాళ్ళు ఎక్కడ వెనకబడ్డారో నీకే అర్థమవుతుంది. వాళ్ళు ఎత్తిచూపిన లోపం నిజమైతే ఒప్పుకుని, దానికి మరమ్మతు సూచించు.

ఇప్పుడు చేయవలసింది: ప్రతిపాదన నోటీసులోని చివరి తేదీ, ఆ దారి నంబరు, పరిశీలన పత్రంలో దాని గురించి రాసిన పేజీ, ఈ మూడూ నాకు పంపు. ఆ జిల్లా రేంజరు కార్యాలయానికి ఫోన్ చేసి రిక్రియేషన్ అధికారిని మర్యాదగా కలువు; కలిసి వచ్చాక మాట్లాడుకున్నది ఈమెయిల్‌లో రాసి ఆయనకే పంపు, ఎందుకంటే ఆయనకు బదిలీ అయితే నోటిమాట ఆయనతోనే పోతుంది. వచ్చే శనివారం నీ ముసాయిదా పట్టుకుని ఇంటికి రా. అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది. తిన్నాక ఇద్దరం కూర్చుని అందులోని "దయచేసి"లన్నీ కొట్టేసి, వాటి చోట ఫోటోలు, కొలతలు పెడదాం.

ఇట్లు,
నీ మేనమామ