యాప్‌లో ఆన్, చెరువులో ఆఫ్: మీ ఏరియేటర్ల సంగతి

భీమవరం దగ్గర మీ రొయ్యల చెరువులో, యాప్ "ఆన్" అని చూపిస్తున్నా ఏరియేటర్ (నీళ్లకు గాలి పట్టించే యంత్రం) తిరగట్లేదన్నారు. మీరొకటి నొక్కితే కాపలా అబ్బాయి ఇంకోటి నొక్కుతున్నాడనీ రాశారు. తప్పు మోటారుది కాదండీ, యాప్ డేటా మోడల్‌ది, అంటే సమాచారాన్ని దాచే పద్ధతిది.

"స్టేటస్" అని ఒకటే కాలమ్ పెట్టారు. దాన్ని రెండు చేయండి: మనిషి అడిగింది ఒకటి, పరికరం చెప్పింది ఒకటి. రెండూ కలిసేదాకా "పంపాం, జవాబు రాలేదు" అనే చూపించండి. ఆ జవాబు రిలే (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) నుంచి కాదు, మోటారు కరెంటు లాగుతోందని చెప్పే సెన్సర్ నుంచి రావాలి. ఫ్యూజు పోయినా రిలే టక్‌మంటుంది మరి!

ఎంక్యూటీటీ (పరికరాలకు సందేశాలు చేరవేసే పద్ధతి) వాడుతున్నారు కాబట్టి కమాండ్లకు రిటైన్ పెట్టకండి. అది పెడితే మధ్యలో ఉండే సర్వర్, అంటే బ్రోకర్, చివరి సందేశాన్ని దాచి ఉంచుతుంది. రాత్రి కరెంటు పోయి నాలుగింటికొస్తే, చెరువు దగ్గరి కంట్రోల్ బోర్డు కనెక్ట్ అవగానే నిన్న సాయంత్రం నొక్కిన "ఆఫ్" దానికి చేరుతుంది. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా ఆ వేళకే. ప్రతి కమాండ్‌కూ గడువు ఉండాలి. లింకు తెగితే బ్రోకరే చెప్పేలా లాస్ట్ విల్ (దానికి ముందే ఇచ్చి ఉంచే సందేశం) పెట్టండి.

అలారం ఇద్దరికీ మోగితే "వాడు చూస్తాడులే" అని ఇద్దరూ పడుకుంటారు. "నేను వెళ్తున్నా" అని ఒకరు నొక్కాలి, లేకపోతే అయిదు నిమిషాల్లో తర్వాతి వాళ్లకు ఫోన్ వెళ్లాలి. గట్టు మీద ఉన్న మనిషి స్టార్టర్ ఆపితే మాత్రం యాప్ నుంచి ఆన్ చేయనివ్వకండి. అతని చెయ్యి మోటారు మీద ఉండొచ్చు.