రాష్ట్రపతి ఏ రాష్ట్రానికి పతి?

ప్రశ్న: నేను గుంటూరులో న్యాయశాస్త్రం చదువుతున్నాను. మనకు రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్. మరి దేశం మొత్తానికి అధిపతి అయినవారిని రాష్ట్రపతి అంటామేమిటి? 'రాష్ట్రం అంటే అసలు అర్థం దేశమే, తెలుగువాళ్లు దాన్ని కుదించి పాడుచేశారు' అని మా క్లాసులో ఒకరన్నారు. రాజ్యాంగంలో ఉన్న మాటకు ఆ 'అసలు' అర్థం చెప్పుకోవాలా, రాసిననాటి అర్థమా, ఇవాళ్టి అర్థమా? తెలుగులో పరీక్ష రాసేటప్పుడు 'స్టేట్'ను రాజ్యం అనాలా, రాష్ట్రం అనాలా?
— ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: 'కుదించి పాడుచేశారు' అన్న ముక్కతో మొదలుపెడతానమ్మా. ఆ మాట అన్నవారెవరో గానీ, గుంటూరులో కూర్చుని అనదగ్గ మాట కాదది. రాష్ట్రం అనే మాటను ఒక చిన్న సీమకు వాడిన పాత సాక్ష్యాలు మీ చుట్టుపక్కల నేలకు సంబంధించినవే ఉన్నాయి.

పల్లవరాజుల రాగిరేకుల్లో ముండరాష్ట్రం, వేంగోరాష్ట్రం, కర్మరాష్ట్రం అని పేర్లు వస్తాయి. ముండరాష్ట్రం నెల్లూరు వైపుది. కర్మరాష్ట్రమే తరవాతి శాసనాల్లో కమ్మరాష్ట్రం, కమ్మనాడు. ఉజ్జాయింపుగా చెప్పాలంటే గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న నేల. ఇంకా వెనక్కి వెళితే జగ్గయ్యపేట స్తూపం దగ్గరి ప్రాకృత శాసనం ఉంది. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుడి కాలానిది, అంటే 3వ శతాబ్ది. అక్కడి బౌద్ధ చైత్యానికి ఆయక స్తంభాలు (స్తూపం ముందు నిలిపే స్తంభాలు) ఇచ్చిన శిల్పి కుటుంబం ఏ సీమదో చెబుతూ అందులో 'కమ్మకరఠ' అన్నారు. రఠ అన్నా రాష్ట్రమే; ప్రాకృతం నోట్లో పడి అలా నలిగింది. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల దానశాసనాల్లో రాజు 'రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులను' పిలిపించి ఆజ్ఞ ఇస్తాడు. ఆ మాట చూసి, మాన్యఖేటం నుంచి ఏలిన రాష్ట్రకూట చక్రవర్తులు మన వేంగిరాజు పిలిస్తే వచ్చారా అని ఆశ్చర్యపోయిన కుర్రాడొకడు నా దగ్గర చదువుకున్నాడు. శాసనంలోని రాష్ట్రకూటులు చక్రవర్తులు కారు, ఆ సీమలో పెద్దరైతులు. రాష్ట్రం అంటే ఇప్పటి ఒక జిల్లాకో రెండు జిల్లాలకో సరిపోయే మాట అన్నమాట. మనవాళ్లు కుదించలేదు సరికదా, పెంచారు.

పోనీ వేదం దాకా వెళదామంటారా? అక్కడ రాష్ట్రం అంటే ఏలుబడి, అధికారం, ఏలే నేల. ఋగ్వేదంలోని వాక్సూక్తంలో వాగ్దేవి 'అహం రాష్ట్రీ' అంటుంది, ఏలేదాన్ని నేనే అని. (భాష గురించి రాసుకుని బతికేవాడికి ఇంతకన్న ఇష్టమైన మంత్రం ఇంకేముంటుంది!) రాజ్యం, రాష్ట్రం రెండూ 'రాజ్' అనే ఒకే ధాతువు పిల్లలు. ఇక మీ క్లాసులో చెప్పిన అర్థం, ఒక జాతి మొత్తానికి చెందిన దేశం అన్నది, జాతీయోద్యమంతో బలపడ్డ కొత్త అర్థం. అసలుదని చెప్పింది వరసలో చివర పుట్టింది.

అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం తీసి క్షత్రియవర్గం చూడండి. 'స్వామ్యమాత్య సుహృత్కోశ రాష్ట్ర దుర్గ బలాని చ, రాజ్యాంగాని...' అని ఉంటుంది. రాజు, మంత్రి, మిత్రుడు, బొక్కసం, రాష్ట్రం, కోట, సైన్యం. ఈ ఏడూ రాజ్యాంగాలు, అంటే రాజ్యపు అవయవాలు. ఇక్కడ రెండు సంగతులు తేలతాయి. ఒకటి, రాజ్యాంగం అంటే పాతరోజుల్లో ఒక అవయవం. ఇప్పుడు ఆ అవయవాలన్నీ ఎలా పనిచేయాలో చెప్పే మూలశాసనం మొత్తానికి ఆ పేరు వచ్చింది. అవయవం పేరు ఒళ్లంతటికీ పెట్టాం. హిందీవాళ్లు సంవిధాన్ అన్నారు, మరాఠీలు రాజ్యఘటన అన్నారు, మనం రాజ్యాంగంతో స్థిరపడ్డాం. రెండోది నాకు భలే ఇష్టమైన సంగతి: అమరసింహుడి లెక్కలో రాష్ట్రం రాజ్యంలో ఒక భాగం. మన తెలుగు లెక్కా అదే. హిందీలో తిరగబడింది. అక్కడ రాష్ట్ర్ పెద్దది, రాజ్య్ అందులో ముక్క.

రాష్ట్రపతి అన్న మాట ఆ హిందీ దారిలోనే వచ్చింది. 1930లలో కాంగ్రెసు అధ్యక్షుణ్ణి రాష్ట్రపతి అని పిలిచేవారు. 1937లో నెహ్రూ చాణక్య అనే మారుపేరుతో తన మీద తనే విమర్శ రాసుకున్న వ్యాసం పేరు కూడా 'రాష్ట్రపతి'యే. అప్పటికి ఆ రాష్ట్రం చేతికి రాలేదు, పతి మాత్రం ఏటేటా ఎన్నికయ్యేవాడు. 1947 జులైలో రాజ్యాంగ పరిషత్తు ముందుకు వచ్చిన నివేదికలో ప్రెసిడెంట్ పక్కన కుండలీకరణాల్లో రాష్ట్రపతి అని ఉంది. ముసాయిదాలో అది ఎగిరిపోయింది. 1948 డిసెంబరులో పరిషత్తు సభ్యుడు హెచ్.వి. కామత్ లేచి ఆ మాట ఎందుకు తీసేశారని అడిగితే, హిందీ ముసాయిదాలో రాష్ట్రపతి లేదని, 'ప్రధాన్' అని ఉందని అంబేద్కర్ జవాబిచ్చారు. అదే నిలిచి ఉంటే ప్రధాన్‌కూ ప్రధానికీ తేడా చెప్పలేక మన పత్రికలవాళ్ల పని అయిపోయేది. చివరికి ఇంగ్లీషు పాఠంలో ప్రెసిడెంట్ ఒక్కటే మిగిలింది. హిందీలో రాష్ట్రపతి నిలిచింది. అదే మనకూ వచ్చింది.

ఇలా ఒక భాషలో అచ్చయిన మాట ఇంకో భాషలోకి ముద్దగా దిగితే ఇబ్బందే. మన పిల్లలు ప్రాథమిక్, మధ్యమ తరవాత 'రాష్ట్రభాష' పరీక్ష రాస్తారు. మన రాష్ట్రభాష తెలుగు, వాళ్లు రాసేది హిందీ! మనం జాతీయగీతం, జాతీయపార్టీ అంటాం. హిందీవాడి చెవికి 'జాతీయ' అంటే కులానికి సంబంధించినది. ఒకే సంస్కృతపు మాట రెండిళ్లకు కోడలిగా వెళితే ఏ ఇంటి అలవాటు ఆ ఇంటిదే.

సరే, మాటకు ఏ అర్థం పట్టుకోవాలి? మనవాళ్లు ఈ తగువును ఎప్పుడో తీర్చారు. విడగొడితే వచ్చే అర్థం యోగం. వాడుకలో గట్టిపడ్డ అర్థం రూఢి. పంకజం అంటే బురదలో పుట్టినది, కానీ బురదలో పుట్టిన కప్పను పంకజం అనం. 'యోగాద్రూఢిర్బలీయసీ' అన్నారు. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసాశాస్త్రంలో దీనికి ఒక పెద్ద వ్యాజ్యమే ఉంది. వర్షాకాలంలో రథకారుడు అగ్న్యాధానం (యజ్ఞాగ్నిని నెలకొల్పడం) చేయాలని విధి. రథకారుడు ఎవరు? రథం చేసే పనిలో ఉన్న ఎవరైనానా, ఆ పేరున్న జాతివాడా? ఆ పేరున్న జాతివాడేనని తేల్చారు. విడగొట్టి చెప్పిన అర్థం ఓడిపోయింది. ఆ చర్చ జరిగే విభాగానికి పేరు అధికరణం. రాజ్యాంగంలో మీరు రోజూ బట్టీపట్టే ఆర్టికల్ 12, 14, 21లకు మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు కూడా అదే.

కాబట్టి రాష్ట్రపతిని 'రాష్ట్రానికి పతి' అని విడగొట్టకండి. అది ఒక పదవి పేరు. ఆ పదవిలో ఆడవారున్నా పేరు మార్చనక్కర్లేదు, పతి అంటే ఇక్కడ మొగుడు కాదు.

ఇక రాసిననాటి అర్థమా, ఇవాళ్టి అర్థమా? రాసిననాటి అర్థాన్ని వదిలేస్తే ఏమవుతుందో మా బెజవాడలోనే చూపిస్తాను. ఇంద్రకీలాద్రి మల్లేశ్వరస్వామి గుడి దగ్గర దొరికిన యుద్ధమల్లుడి శాసనం 10వ శతాబ్దిది, మధ్యాక్కర అనే తెలుగు ఛందస్సులో ఉంటుంది. కార్తికేయుడి గుడికి చేరిన మఠంలో గొరగలు తప్ప ఇతరులు దిగి ఉండకూడదని అందులో కట్టడి. అలా దిగినవాళ్లను వెళ్లగొట్టకపోతే వారణాసిని పాడుచేసిన పాపం తగులుతుంది. గొరగలెవరు? గొరగడం అంటే ఇవాళ మనకు తెలిసింది క్షౌరం ఒక్కటే. ఇవాళ్టి అర్థంతో చదివితే ఆ మఠాన్ని మంగలివారికి రాసిచ్చినట్టే! గొరగలంటే ఆ కాలంలో శైవ భిక్షువులు. కన్నడంలో గొరవలంటారు. రాసినవాడి కాలంలో ఆ మాట ఎవరిని సూచించిందో తెలియకపోతే శాసనం ఒక చోట, దాని ఫలం ఇంకో చోట పడుతుంది. మద్రాసు రాజధాని అని 1920లలో రాసినదాన్ని మద్రాసు నగరం అనుకున్నా ఇదే గతి. అప్పట్లో రాజధాని అంటే ప్రెసిడెన్సీ మొత్తం. గుంటూరు, బెజవాడ కూడా రాజధానిలోవే. ఇది ఇప్పటి తగాదాల్లోకి లాగకండి.

అయితే నాటి అర్థం తెలుసుకోవడంతోనే పని తీరిపోదు. ఆ మాట ఎంతదాకా సాగుతుందన్నది ఇంకో ప్రశ్న. ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణంలో ఉన్న అవే అక్షరాలను 1950లో గోపాలన్ కేసులో ఒకలా, 1978లో మేనకాగాంధీ కేసులో మరోలా చదివారు. అందులోకి నేను దిగను, అది మీ మాస్టర్ల పొలం. మాటల పొలంలో నాకు దొరికిన ఒక్కదాన్ని చెబుతాను: సవరణ.

1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయనే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1967లో గోలక్‌నాథ్ కేసు తీర్పు ఇచ్చారు. ప్రాథమిక హక్కులను తగ్గించే చట్టం చెల్లదనే 13వ అధికరణంలోని చట్టం అన్న మాటలోకి రాజ్యాంగ సవరణ కూడా వస్తుందని, కాబట్టి సవరణతో ప్రాథమిక హక్కులను తగ్గించరాదని ఆ తీర్పు సారం. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూర్చుని ఆ వాదాన్ని పక్కనపెట్టారు. సవరణ మామూలు చట్టం కాదు, పార్లమెంటు ఏ భాగాన్నయినా సవరించవచ్చు, కానీ మౌలిక స్వరూపాన్ని చెరపరాదు అన్నారు. అందులో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఆ మాట మీదే నిలబడ్డారు. సవరణ అన్నామంటే పాత రాజ్యాంగం తన గుర్తింపు కోల్పోకుండా మిగిలి ఉండాలన్నది ఆయన వాదం. ఆయన చెప్పింది ఇంగ్లీషు మాట గురించి. మన తెలుగు మాటలో అది ఇంకా సూటిగా ఉంది. కొంగు సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం. కొంగు ఉంటుంది, గొంతు ఉంటుంది. గవర్నరుపేటలో నేను వెళ్లే సెలూన్‌లో కుర్చీ ఎక్కి 'కాస్త సవరించు నాయనా' అంటాను. చెవుల మీదకు దిగినది తీసేసి, మెడ వెనక కత్తి ఆడించి, తువ్వాలు దులుపుతాడు. అద్దంలో పాత మొహమే, కాస్త తేటగా. ఏదో ధ్యాసలో గుండు గీసేసి 'సవరించానండీ' అంటే డబ్బులిస్తానా?

అంటే ఇవన్నీ తెలుగు మాటతో తేలిపోతాయని కాదు. కోర్టులో వాదన నడిచేది ఇంగ్లీషు పాఠం మీద. 1987లో 58వ సవరణతో చేర్చిన 394ఎ అధికరణం హిందీ పాఠానికి ప్రామాణ్యం ఇచ్చింది. తెలుగు అనువాదం మనం అర్థం చేసుకోవడానికి. కానీ ఒక్కోసారి అనువాదమే మూలం కన్న తేటగా ఉంటుంది. మీ చివరి ప్రశ్న సరిగ్గా అలాంటి చోటే పడింది.

12వ అధికరణం ఇంగ్లీషులో చదవండి. 'స్టేట్' అంటే ఏమేమిటో చెబుతూ, కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, ఒక్కొక్క 'స్టేట్' ప్రభుత్వం, శాసనసభ, స్థానిక సంస్థలు అంటుంది. ఒకే వాక్యంలో ఒకే మాట రెండు అర్థాల్లో! హిందీలో రెండు చోట్లా రాజ్య్ అనే ఉంది, చిక్కు చిక్కుగానే మిగిలింది. తెలుగులో పైదాన్ని రాజ్యం అన్నారు, లోపలిదాన్ని రాష్ట్రం అన్నారు. ముడి విడిపోయింది. అమరసింహుడు చూస్తే మెచ్చుకునేవాడు.

మీరు అలాగే రాయండి. ప్రాథమిక హక్కుల భాగంలోను, ఆదేశిక సూత్రాల్లోను ప్రభుత్వ యంత్రాంగం మొత్తాన్ని చెప్పే చోట రాజ్యం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు వంటివాటిని చెప్పే చోట రాష్ట్రం. మీ గుంటూరు నగరపాలక సంస్థ రాష్ట్రం కాదు గానీ, 12వ అధికరణం ప్రకారం రాజ్యమే. రాజు లేని రాజ్యమేమిటని దిద్దేవారు మార్కులు కోస్తే, ఆ అధికరణం తెలుగు పాఠం ఒక ప్రతి తీసి జవాబు పత్రాల పునఃపరిశీలన దరఖాస్తుకు జతచేయండి.