రేడియేషన్ కోసం రెండు నెలలు హైదరాబాద్‌లో ఉండాలి, ఇల్లు ఎలా దొరుకుతుంది?

ఆదోని నుంచి ఒక తమ్ముడు అడిగాడు: అమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, హైదరాబాద్‌లో రేడియేషన్ రాశారు, రెండు నెలలకు మాత్రమే అంటే ఎవరూ ఇల్లు ఇవ్వట్లేదు, ఫోన్ చేస్తే పదకొండు నెలలు ఉంటేనే అంటున్నారు, ఏం చేయాలి అని.

తమ్ముడూ, మాది కర్నూలు. 2023లో మా అమ్మకు ఇదే జబ్బు, ఇదే ట్రీట్‌మెంట్. నువ్వు ఇప్పుడు పడుతున్న టెన్షన్ నాకు బాగా తెలుసు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఊళ్లో కూర్చుని ఫోన్‌లో ఇల్లు వెతకొద్దు. మా మరిది అలాగే చేశాడు. ఆన్‌లైన్‌లో ఫోటోలు చూశాడు, ఇల్లు బాగుంది, అద్దె తక్కువ. అవతలి మనిషి తాను ఆర్మీలో ఉన్నానని, ట్రాన్స్‌ఫర్ అయిందని, తాళం వాచ్‌మన్ దగ్గర ఉందని చెప్పి టోకెన్ కింద 4,000 వేయించుకున్నాడు. తీరా వెళ్తే ఆ అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఇల్లే లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం కానీ డబ్బు తిరిగి రాలేదు. ఇల్లు కళ్లతో చూసి, ఓనరుతో ఎదురుగా మాట్లాడేవరకు రూపాయి కూడా పంపకు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, అదీ గుర్తుంచుకో.

మేం చివరికి చేసింది ఇది. అమ్మను ఇంట్లోనే చెల్లెలి దగ్గర ఉంచి, నేనూ మా ఆయనా మూడు రోజులు లాడ్జిలో దిగాం. ఆసుపత్రి చుట్టూ వీధివీధీ తిరిగాం. టు-లెట్ బోర్డు కనిపించినా, కనిపించకపోయినా కిరాణా కొట్లోను, ఇస్త్రీ బండి దగ్గర, వాచ్‌మన్లను అడిగాం. ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ ఉంటారు, వాళ్లనూ తప్పకుండా అడుగు. బయటి ఊళ్ల పేషెంట్లకు ఇచ్చే గదులు, ధర్మశాలలు వాళ్లకు తెలుస్తాయి. పేషెంటు చిన్నపిల్లలైతే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్లు ఉచితంగా వసతి ఇస్తారు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పదకొండు నెలల సంగతి. అద్దె ఒప్పందాలు మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. అంతకాలం ఉండి తీరాలని దాని అర్థం కాదు. ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నదే అసలు విషయం. ఓనర్ల భయం కూడా న్యాయమైనదే. రెండు నెలలకే పోతే మళ్లీ రంగులు వేయించాలి, మళ్లీ మనుషుల్ని వెతుక్కోవాలి. మేం ఆ మాటే ముందుగా ఎత్తాం. "రంగుల ఖర్చు మేం పెట్టుకుంటాం, ఖాళీ చేసే నెల ముందే చెప్తాం, ఈ రెండూ అగ్రిమెంట్‌లో రాసుకుందాం" అన్నాం. మామూలుగా 11 వేలకు ఇచ్చే సింగిల్ బెడ్‌రూమ్ మాకు 13 వేలన్నారు, ఒక నెల అడ్వాన్సు. బేరం ఆడలేదు. ఆడాల్సింది అని ఇప్పటికీ అనిపించదు.

మొదట దిల్‌సుఖ్‌నగర్ చూశాం. మన వైపు వాళ్లు చాలామంది ఉంటారు, అద్దెలు తక్కువ, మా ఆసుపత్రి ఉన్న లక్డీకాపూల్‌కు మెట్రోలో ఒకే బండి. కానీ కాగితం మీద బాగున్న ఆ లెక్క మా అమ్మ ఒంటికి పనికిరాలేదు. ఈ జబ్బుకు సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, దాదాపు ఐదు వారాలు బయటి నుంచి రేడియేషన్ ఇస్తారు. వారానికోసారి కీమో. ఆ తర్వాత బ్రాకీథెరపీ, అంటే ఒంటి లోపల పెట్టి ఇచ్చే రేడియేషన్. రెండో వారం దాటాక అమ్మకు విరేచనాలు మొదలయ్యాయి. రోజుకు ఆరేడుసార్లు. మెట్రో స్టేషన్ మెట్లు, ఆటో కుదుపులు, ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఆ మనిషి ఎలా తట్టుకుంటుంది? పైగా రేడియేషన్‌కు ముందు మూత్రసంచి నిండుగా ఉండాలని నీళ్లు తాగించి కూర్చోబెడతారు. మెషిన్ ఆలస్యమైతే వాళ్లు పడే అవస్థ చూడలేం. అందుకే అద్దె రెండు వేలు ఎక్కువైనా ఆటోలో పది నిమిషాల్లో చేరే చోటే తీసుకో. బాత్రూమ్ ఇంటి లోపలే ఉండాలి, కమోడ్ ఉండాలి. లిఫ్టు లేకపోతే కింది పోర్షన్ తప్ప వేరేది చూడకు. నీళ్లు ఎలా వస్తాయో గట్టిగా అడుగు. కృష్ణా నీళ్లు చాలా వీధుల్లో రోజు విడిచి రోజే వస్తాయి, ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకరు ఎవరు తెప్పిస్తారో, ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో.

శని, ఆదివారాలు ఇంటికి వచ్చేద్దాం అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి కర్నూలుకు 210 కిలోమీటర్లే కదా అని మేం రెండు వారాలు అలా వచ్చాం. మూడో వారం బస్సులో అమ్మ పడిన బాధ చూసి మానేశాం. ఆదోని ఇంకా దూరం. ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

ఇప్పుడు కష్టమైన మాట. జబ్బు పేరు చెప్పాలా, దాచాలా అని నువ్వు అడగలేదు కానీ అక్కడికి వెళ్లాక ఆ ప్రశ్న వస్తుంది. ఒక ఇంట్లో అంతా మాట్లాడుకున్నాక "ఏం జబ్బు?" అన్నారు. చెప్పాను. "మా వారిని అడిగి చెప్తాను" అని లోపలికి వెళ్లారు. మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఆ రాత్రి లాడ్జిలో చాలాసేపు ఏడ్చాను. దాచేద్దాం అన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. ట్రీట్‌మెంట్ మధ్యలో తెలిసి ఖాళీ చేయమంటే అమ్మను ఎక్కడికి తీసుకెళ్తాం? మర్నాడు ఇంకో ఓనరమ్మకు నేనే ముందుగా చెప్పాను: పిన్నీ, ఇది అంటుకునే జబ్బు కాదు, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ పేషెంటు ఒంట్లో మిగిలిపోదు, ఇంట్లో పిల్లలున్నా ఏమీ కాదు, కావాలంటే మా డాక్టరును అడగండి అని. ఆవిడ కాసేపు ఆలోచించి, "మీ అమ్మకు పడమర గది వేడిగా ఉంటుంది, ఇటు గదిలో పడుకోబెట్టండి" అంది. ఇల్లు ఇచ్చినట్టేనని అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

మిగతావి చిన్నవి. ఆధార్ జిరాక్సు అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. చేరిన రోజూ ఖాళీ చేసే రోజూ కరెంటు మీటరుకు ఫోటో తీసుకో. గ్యాస్ కనెక్షన్ కోసం తిరగొద్దు, 5 కిలోల చిన్న సిలిండరు అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డుతోనే ఇస్తారు. మంచం, పరుపు అద్దెకు దొరుకుతాయి. మిక్సీ, కుక్కరు, రెండు నెలలకు సరిపడా సోనామసూరి ఊరి నుంచే తీసుకెళ్లు.

మా అమ్మ ఇప్పుడు ఆరు నెలలకోసారి చెకప్‌కు వెళ్తోంది, తన జొన్నరొట్టెలు తానే చేసుకుంటోంది. మీ ఆసుపత్రి ఏ ఏరియాలో ఉందో రాయి తమ్ముడూ. రెడ్‌హిల్స్, లక్డీకాపూల్ వైపు అయితే మేం తిరిగిన వీధులు చెప్తాను.