టెక్ సందేహాలు: పిల్లల గంటను తినేస్తున్న ట్యాబ్లెట్లు

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్‌ వాళ్లం కొందరం కలిసి, భవన నిర్మాణ పనులకు కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఆదివారం ఉదయం గంటసేపు చదువు చెబుతున్నాం. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. దాతలు ఇచ్చిన పాత ట్యాబ్లెట్లు నాలుగున్నాయి. లాగిన్లు, అప్‌డేట్లు అయ్యేసరికి సగం సమయం గడిచిపోతోంది. హాజరు, పిల్లల వివరాలు అందరం ఒకే ఆన్‌లైన్ షీట్‌లో రాసుకుంటున్నాం. ఏ యాప్ వాడితే మంచిది?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పేటల పేర్లు మారుతున్నాయే తప్ప, కె.ఆర్. పురం నుంచీ మారతహళ్లి నుంచీ ఇదే ఉత్తరం మళ్లీ మళ్లీ వస్తోంది, ప్రతి ఉత్తరమూ చివరికి ఒక యాప్ పేరు చెప్పమనే అడుగుతోంది. మీ సమయాన్ని తినేస్తున్నది యాప్ కాదు. ముందురోజే పెద్దవాళ్లు ముగించవలసిన పనిని పిల్లలు వచ్చి కూర్చున్నాక మొదలుపెట్టడం. శనివారం రాత్రి ఇంటి వైఫై మీద అప్‌డేట్లు పూర్తి చేసి, మర్నాటికి కావలసినవి డౌన్‌లోడ్ చేసి, ఇంటర్నెట్ ఆపేసి మరీ తీసుకువెళ్లండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో, తెర మీద ఒకే యాప్ నిలిచి ఉండేలా చేసే యాప్ పిన్నింగ్‌ను ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెడితే, పిల్లవాడు కథ మధ్యలో వీడియోల్లోకి జారిపోడు.

ఇక ఏం చదివించాలన్నది. పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఉచిత కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఒకే కథ తెలుగులోనూ కన్నడంలోనూ దొరికే సందర్భాలు చాలా ఉన్నాయి, పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. ఇంటి భాషలో విన్న కథను బడి భాషలో తానే చదువుకోవడం మీ పిల్లలకు ప్రత్యేకంగా పనికివస్తుంది. బడి పాఠాల్లో వెనకబడిన వారికి, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే, బడి పాఠాల కోసం ప్రభుత్వం నడిపే దీక్ష యాప్‌తో స్కాన్ చేసి ఆ పాఠం వీడియోలను ముందే దాచుకోండి. పిల్లలను తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. గ్రామీణ పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే అసర్ సర్వేలో వాడే పరీక్ష పత్రం ఇందుకు చాలు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు పడుతుంది, ట్యాబ్లెట్‌తో పనే లేదు.

ఏడేళ్ల పిల్లకు ఒక కథ చూపించడానికి మొబైల్ నంబరు, ఓటీపీ అడిగే యాప్‌ల తయారీదారులు ఎవరిని దృష్టిలో పెట్టుకుని వాటిని రూపొందిస్తున్నారో నాకు అంతుపట్టదు. ఓటీపీ వెళ్లేది తండ్రి ఫోనుకు. ఆ తండ్రి తొమ్మిదో అంతస్తులో స్లాబు పనిలో ఉంటాడు, ఫోను కింద సంచిలో ఉంటుంది. అందుకని వాలంటీరు తన సొంత నంబరు ఇస్తాడు, దానితో నలుగురు పిల్లలు ఒకే పిల్లవాడిగా నమోదవుతారు, ఆ పైన ఆ నంబరుకు కోర్సులు కొనమంటూ ఫోన్లు మొదలవుతాయి. లాగిన్ లేకుండా తెరుచుకోని యాప్‌ను, అది ఎంత గొప్పదైనా, మీ జాబితాలోంచి తీసేయండి.

అయితే మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది, మీరు మామూలుగా చెప్పి వదిలేసిన ఆ షీట్ సంగతి. ఇలాంటి షీట్లు కొన్ని నాకు పంపారు: పిల్ల పూర్తి పేరు, వయసు, బడి పేరు, తల్లి ఫోను నంబరు, ఏ సైటులో ఏ షెడ్డులో ఉంటున్నారో, తల్లిదండ్రులు పనికి వెళ్లే వేళలు. అనుమతి మాత్రం “లింకు ఉన్నవారు ఎవరైనా”. ఆ లింకు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఒకసారి వచ్చి మళ్లీ కనిపించని వాలంటీర్ల ఫోన్లలోనూ ఉంటుంది. పగలు పెద్దవాళ్లు లేని వేళ ఏ పిల్ల ఎక్కడ ఒంటరిగా ఉంటుందో చెప్పే పట్టికను మీరే తయారుచేసి, తాళం వేయకుండా ఉంచారన్న మాట. కాలమ్ తొలగిస్తే సరిపోదు, ఎందుకంటే ఎడిట్ అనుమతి ఉన్నవారు వెర్షన్ హిస్టరీలో, అంటే షీట్ పాత రూపాలు దాగి ఉండే చోట, పాత వివరాలన్నీ చూడగలరు. ఆ ఫైలును తొలగించి, ట్రాష్‌లోంచి కూడా తీసేసి, కొత్తది తెరవండి. అందులో పిల్లల పిలుపు పేరు, చదివే స్థాయి, హాజరు తప్ప మరేమీ ఉండకూడదు. అనుమతి ప్రస్తుతం పాఠం చెబుతున్నవారి ఈమెయిళ్లకే ఇవ్వండి. ఫోను నంబర్లు ఒక్క సమన్వయకర్త దగ్గర ఉంటే చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ బాలలుగానే పరిగణించి, వారి వివరాలు వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. చట్టం మీ చిన్న బృందం దాకా ఎప్పుడు వస్తుందని ఎదురుచూడకుండా, తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి అడగడం మర్యాద.

ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. యూనిఫాం మీది బడి బ్యాడ్జీ, వెనక సైటు బోర్డు కనిపించే ఫొటోను స్టేటస్‌లో పెట్టకండి.

దానంగా వచ్చే ట్యాబ్లెట్ల విషయం. దాత తన గూగుల్ ఖాతాను తొలగించకుండా సెట్టింగ్స్ నుంచి కాక, పక్క బటన్లు నొక్కిపట్టి తెరిచే రికవరీ మెనూ నుంచి రీసెట్ చేసి ఇస్తే, అది తిరిగి తెరుచుకునేటప్పుడు పాత ఖాతానే అడిగి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి తీసుకునేటప్పుడే దాత ఎదుట ఆన్ చేసి చూడండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన వాటిలో మీ సొంత ఈమెయిల్‌తో లాగిన్ కాకండి, తరగతి కోసమే ఒక ఖాతా విడిగా తెరవండి. నాలుగింటిలో ఏదైనా ఆదివారం ఉదయం మొరాయిస్తే దాన్ని బాగుచేయడానికి కూర్చోకుండా పక్కన పెట్టి, ఆ పిల్లల చేతికి ముందే ప్రింటు తీసి ఉంచిన కథ కాగితాలు ఇవ్వండి.