హైకూలో కొత్త బ్రౌజర్‌ను టెస్ట్ చేయడం: ముందు గడియారం, తర్వాత తెలుగు

పాత లాప్‌టాప్‌లో హైకూ (విండోస్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నారు, బ్రౌజర్‌కి అప్‌డేట్ వచ్చింది, అందరూ టెస్ట్ చేసి చెప్పమంటున్నారు, "నాకు ప్రోగ్రామింగ్ రాదు, ఇంగ్లీష్ అంతంతమాత్రం, తెరిస్తే తెరుచుకుంది, ఇంకేం చూడాలి, నేను చూసి చెబితే ఎవరికైనా ఉపయోగమా" అని అడిగారు. ఉపయోగమే. నాకూ ప్రోగ్రామింగ్ రాదు. వైజాగ్ అక్కయ్యపాలెంలో ఉంటాను, పగలు ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను, రాత్రి భోజనమయ్యాక ఓ గంట ఈ పని మీద కూర్చుంటాను. కొన్నేళ్లుగా చేస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చినవి చెబుతాను.

హైకూ గురించి తెలియనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. 1990ల్లో బీఓఎస్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. దాన్ని తయారుచేసిన బీ కంపెనీ ఆస్తుల్ని 2001లో పామ్ అనే కంపెనీ కొనేసింది. బీఓఎస్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు అదే ఏడాది దాన్ని మొదటి నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టారు, 2004లో దానికి హైకూ అని పేరు పెట్టుకున్నారు. ఐదో బీటా (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. ఇది లినక్స్ కాదు, దాని కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) కూడా వేరే. పదేళ్ల నాటి లాప్‌టాప్‌లో కూడా స్విచ్ నొక్కినంతలో లేచి కూర్చుంటుంది. ఫైల్ మేనేజర్, మెయిల్, పాటలు, అన్నిటికీ బాగుంటుంది. ఎటొచ్చీ బ్రౌజర్ దగ్గరే కష్టం. ఈ రోజుల్లో కరెంటు బిల్లు దగ్గర నుంచి పిల్లల మార్కుల దాకా అన్నీ బ్రౌజర్‌లోనే కదా, అది సరిగ్గా నడవకపోతే మిగతాది ఎంత బాగున్నా మనిషి రెండో రోజుకే వదిలేస్తాడు. అందుకే బ్రౌజర్ టెస్టింగ్ అంటే నాకు అంత పట్టుదల.

ముందు గడియారం చూడండి. నవ్వకండి, పాత లాప్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. తేదీ తప్పుంటే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇంకా మొదలే కానట్టో, ఎప్పుడో ముగిసిపోయినట్టో బ్రౌజర్‌కి కనిపిస్తాయి, దాంతో ఏ సైటూ తెరవనివ్వదు. కొత్త అప్‌డేట్ వేశాక ఏదీ తెరుచుకోలేదు కాబట్టి అప్‌డేట్‌దే తప్పు అనుకుంటాం. మొదటిసారి నేను రెండు రాత్రులు ఇలాగే పోగొట్టుకున్నాను. ప్రిఫరెన్సెస్‌లో టైమ్ అని ఉంటుంది, అందులో నెట్‌వర్క్ టైమ్ పెట్టేయండి, వీలైతే ఆ బిళ్ల కూడా మార్పించండి.

తర్వాత, వెనక్కి వచ్చే దారి తెలుసుకోండి. ఇది తెలిస్తే టెన్షన్ ఉండదు. హైకూ ప్యాకేజీల్ని (ప్రోగ్రామ్‌లు వచ్చే మూటల్ని) విప్పి ఫైళ్లు అక్కడా ఇక్కడా పరచదు, ప్యాకేజీని ఉన్నదున్నట్టుగా తగిలిస్తుంది, అలా తగిలించిన సిస్టమ్ ఫైళ్లని మీరు పొరపాటున కూడా మార్చలేరు. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాత స్థితి కూడా గుర్తుపెట్టుకుంటుంది. కొత్త బ్రౌజర్ మరీ ఇబ్బంది పెడితే మెషీన్ లేచేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకోండి (కొత్త రకం మెషీన్లలో అయితే స్పేస్ బార్ కొడుతూ ఉండండి), బూట్ మెనూ వస్తుంది, అక్కడ ఏ తేదీ నాటి స్థితితో లేవాలో ఎంచుకోవచ్చు. నేను టెస్ట్‌కి కూర్చునే ముందు ఇంకో పని కూడా చేస్తాను, హోమ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్‌లో సెట్టింగ్స్ అని ఉంటుంది, అక్కడున్న ఆ బ్రౌజర్ ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టేస్తాను. దాంతో బ్రౌజర్ కొత్తగా పుట్టినట్టు మొదలవుతుంది, వచ్చిన గొడవ కొత్త వెర్షన్‌దా, నా పాత కుకీలదా అన్నది తేలిపోతుంది.

ఇక అసలు విషయం, తెలుగు. ఇది మనం చూడకపోతే చూసేవాళ్లు లేరు. హైకూ మీద పనిచేసేవాళ్లు ఎక్కువమంది యూరప్‌లో, అమెరికాలో ఉంటారు, వాళ్లు తెరిచే పేజీల్లో ఒత్తులుండవు. హైకూ సొంత బ్రౌజర్ వెబ్‌పాజిటివ్, అది వెబ్‌కిట్ అనే ఇంజిన్ (పేజీల్ని తెర మీద పరిచే భాగం) మీద నడుస్తుంది, అక్షరాల్ని మాత్రం హైకూ సొంత పద్ధతిలో గీస్తుంది. ఫాల్కన్ లాంటి వేరే బ్రౌజర్లు క్యూట్ వెబ్‌ఇంజిన్ మీద, అంటే గూగుల్ క్రోమ్‌కి మూలమైన క్రోమియం మీద నడుస్తాయి, అక్షరాలు కూర్చే పనిముట్టు అవి తమతోనే తెచ్చుకుంటాయి. ఈ తేడా ఏంటో నా కళ్లతో చూసిన రోజు నాకు బాగా గుర్తు. రెండిట్లోనూ తెలుగు వికీపీడియాలో ఒకే పేజీ తెరిచి పక్కపక్కన పెట్టాను. ఫాల్కన్‌లో "స్త్రీ" అన్న మాట మనం పుస్తకంలో చదివినట్టే ఉంది, సకారం కింద తకారం ఒత్తు, దాని పక్కన క్రావడి, పైన గుడిదీర్ఘం. వెబ్‌పాజిటివ్‌లో అదే మాట ముక్కలు ముక్కలుగా ఉంది, ముందు పొల్లు సకారం, తర్వాత పొల్లు తకారం, ఆ తర్వాత "రీ". పేజీ మొత్తం అలాగే. చదవడానికి వీల్లేదని కాదు, కానీ మా అమ్మకి ఇస్తే రెండు లైన్లు కూడా చదవదు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చాలామంది ఈ రెండూ కలిపి "తెలుగు రావట్లేదు" అని రాసేస్తారు. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తే ఫాంట్ లేదని అర్థం. అది బ్రౌజర్ తప్పు కాదు, నోటో సాన్స్ తెలుగు ఫాంట్ తెచ్చి హోమ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్, అందులో నాన్‌ప్యాకేజ్డ్, అందులో డేటా, అందులో ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో వేస్తే చాలు. అక్షరాలు వచ్చి ఒత్తులు పొల్లులుగా విడిపోతే ఫాంట్ ఉంది, అక్షరాల్ని కలిపే పని జరగట్లేదు అని అర్థం. అది రిపోర్ట్ చేయాల్సిన విషయం. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపితే తెలుగు ఒక్క అక్షరం రాని మనిషికి కూడా అర్థమవుతుంది.

నేను ఒక టెక్స్ట్ ఫైల్ దాచుకున్నాను, ప్రతి కొత్త వెర్షన్‌కి అదే వాడతాను. అందులో లక్ష్మి, రాష్ట్రం, జ్ఞాపకం, స్త్రీ, సాఫ్ట్‌వేర్ లాంటి మాటలు ఓ పాతిక ఉంటాయి. వాటిని కాపీ చేసి సెర్చ్ పెట్టెలో అతికిస్తాను, కనిపించడం ఒక్కటే కాకుండా బాణం బటన్‌తో జరుగుతాను. "స్త్రీ" లోపల ఆరు ముక్కలున్నాయి, స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. బాణం ఒకసారి నొక్కితే కర్సర్ మాట మొత్తాన్ని దాటాలి, మధ్యలో ఇరుక్కోకూడదు. బ్యాక్‌స్పేస్ కొడితే ముందు దీర్ఘం ఒక్కటే పోయి "స్త్ర" మిగలాలి. పేజీలో వెతికే చోట "రాష్ట్ర" అని పెడితే "రాష్ట్రం", "రాష్ట్రాలు" రెండూ దొరకాలి. విండోని సన్నగా లాగితే లైను చివర మాట విరిగేటప్పుడు ఒత్తు ఒక లైనులో అక్షరం ఇంకో లైనులో పడకూడదు. "సాఫ్ట్‌వేర్"లో టకారానికి పొల్లు విడిగా నిలబడాలి, వకారం ఒత్తుగా మారి కిందికి పోకూడదు. ఇవి చూడటానికి పది నిమిషాలు చాలు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, తెలుగు వస్తే చాలు.

స్కోర్లు ఇచ్చే టెస్ట్ సైట్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. యాసిడ్3 అని 2008లో వచ్చింది, అందులో 100కి 100 వచ్చిన బ్రౌజర్‌లో కూడా ఫారం నింపడం కుదరకపోవచ్చు. వాటి బదులు మీ రోజువారీ పనులు చేయండి. పేపర్ చదవండి, మెయిల్ చూడండి, ఒక పీడీఎఫ్ దించుకోండి, ఒక ఫోటో ఎక్కడికైనా ఎక్కించండి, గంటసేపు ట్యాబ్‌లు తెరిచి అలాగే వదిలేసి మళ్లీ వచ్చి చూడండి. వీడియో ఆగి ఆగి వస్తే ముందు కంగారు పడకండి, హైకూలో గ్రాఫిక్స్ చిప్ సాయం దాదాపు లేనట్టే, పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, కాబట్టి క్వాలిటీ ఒక మెట్టు తగ్గించి చూడండి. డబ్బు కట్టి చూసే సినిమా సైట్లు నడవకపోయినా రిపోర్ట్ చేయొద్దు, వాటికి కావాల్సిన కాపీ రక్షణ ముక్క హైకూకి లేదు. కొన్ని సైట్లయితే లోపలికే రానివ్వవు, ఒక బిల్లులు కట్టే సైటు నన్ను "మీ బ్రౌజర్ పాతది" అని తిప్పి పంపింది, నేనేమో అప్పుడే కొత్త వెర్షన్ వేసుకుని కూర్చున్నాను. అది బ్రౌజర్ చెప్పుకునే పేరు చూసి తీసుకున్న నిర్ణయం. ఫాల్కన్ సెట్టింగ్స్‌లో ఆ పేరు మార్చుకునే వీలుంది, మార్చి చూస్తే అదే సైటు మామూలుగా తెరుచుకుంది.

ఒక్క పని మాత్రం వద్దు. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లు టెస్ట్ మెషీన్‌లో కొట్టకండి. హైకూలో ఉన్నది ఒకే యూజర్, ఆ యూజర్‌కి అన్ని అధికారాలూ ఉంటాయి, బ్రౌజర్‌లోకి ఏదైనా చెడ్డది దూరితే మీ ఫైళ్లకి దానికి మధ్య గోడ లేదు. టెస్ట్ కోసం వేరే మెయిల్ తెరుచుకోండి.

ఇప్పుడు నాకు బాగా నేర్పిన ఒక సంగతి. కొన్నాళ్ల క్రితం వేసవిలో కొత్త వెర్షన్ వేశాను, ఏడెనిమిది ట్యాబ్‌లు తెరిచేసరికి బ్రౌజర్ కూలిపోవడం మొదలైంది. పాత వెర్షన్‌లో కూడా చూద్దామని అనుకోలేదు. మూడు రిపోర్ట్‌లు పంపాను. అటు నుంచి ఒకాయన ఓపిగ్గా జవాబిచ్చాడు, మూడూ చూశాను, మూడింట్లోనూ కూలిన చోటు వేరు, ఒకదానికి ఒకటి సంబంధం లేదు, ఒకసారి మెమరీ చూసుకోండి అని. రాత్రంతా మెమ్‌టెస్ట్ (మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్) నడిపాను, పొద్దున లేచి చూస్తే స్క్రీన్ నిండా ఎర్ర లైన్లు. ద్వారకానగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ర్యామ్ ముక్క తీసి వెలుతురుకి పట్టి చూపించాడు, బంగారు రంగు పళ్ల మీద నల్లటి పొర పేరుకుంది. మన దగ్గర సముద్రపు గాలి, తేమ, సైకిల్ చైన్ దగ్గర నుంచి కిటికీ ఊచల దాకా దేన్నీ వదలదు కదా. పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లని మెల్లగా రుద్ది, బ్రష్‌తో దులిపి, మళ్లీ బిగించాడు. ఆ రోజు నుంచి కూలడం ఆగిపోయింది. హైకూ తనకి తాను తక్కువ మెమరీ వాడుతుంది కాబట్టి చెడ్డ చోటుదాకా వెళ్లేదే కాదు, బ్రౌజర్ ఒక్కటే అక్కడిదాకా వెళ్లేది, అందుకని తప్పు బ్రౌజర్‌దిలా కనిపించింది. మూడు రిపోర్ట్‌లూ వెనక్కి తీసుకుని క్షమించమని రాశాను. ఒక మనిషి తన సెలవు రోజు సాయంత్రం నా ర్యామ్ కోసం ఖర్చుపెట్టాడని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, కూలిపోతే వెంటనే రాయకండి, మళ్లీ చేయండి. అదే పేజీ, అదే వరస, మూడుసార్లు. ప్రతిసారీ ఒకే చోట కూలితే బ్రౌజర్‌దే, ఒక్కోసారి ఒక్కోచోట అయితే ముందు మెషీన్‌ని అనుమానించండి. ఆ తర్వాత పాత వెర్షన్‌తో లేచి అక్కడా అదే జరుగుతుందేమో చూడండి. "పాతదాంట్లో బాగుంది, కొత్తదాంట్లో పాడైంది" అన్న ఒక్క వాక్యం వాళ్లకి సగం పని తగ్గిస్తుంది, ఆ రెండు వెర్షన్ల మధ్య మారినవి వెతికితే చాలు కాబట్టి. కూలినప్పుడు వచ్చే పెట్టెలో రిపోర్ట్ సేవ్ చేయమనే ఎంపిక ఉంటుంది, అది నొక్కితే డెస్క్‌టాప్ మీద ఫైల్ పడుతుంది, అది తప్పకుండా జత చేయండి. అబౌట్ దిస్ సిస్టమ్‌లో హెచ్‌రెవ్ అని మొదలయ్యే నంబర్ ఉంటుంది, అది కూడా రాయండి. వెబ్‌పాజిటివ్ సంగతులైతే హైకూ సొంత బగ్ ట్రాకర్‌లో (తప్పులు నమోదు చేసే సైటులో), ఫాల్కన్ లాంటి బయటి నుంచి తెచ్చినవైతే హైకూపోర్ట్స్‌లో రాయాలి, తప్పు చోట రాస్తే ఎవరూ చూడకుండా ఉండిపోతుంది.

ఇంగ్లీష్ గురించి భయపడుతున్నట్టున్నారు. అక్కడ చాలామందికి ఇంగ్లీష్ సొంత భాష కాదు. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది, మూడు చిన్న వాక్యాలు, ఒక ఫోటో. నా మొదటి రిపోర్ట్ అంతే ఉంది, దానికీ జవాబు వచ్చింది.

మీ లాప్‌టాప్ మోడల్, ర్యామ్ ఎంత, వేసింది 32 బిట్టా 64 బిట్టా అన్నది ఇక్కడే కింద రాయండి. 32 బిట్ అయితే దొరికే బ్రౌజర్లు తక్కువ, కాబట్టి మెషీన్ ఒప్పుకుంటే ముందు 64 బిట్ ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే ట్రై హైకూ అన్నది నొక్కి చూడండి. నా పాతిక మాటల ఫైల్ కావాలంటే చెప్పండి, రాత్రికి ఇక్కడే పెడతాను.