చేరదీసిన కుక్కకు పెరుగుతున్న గడ్డ: వాత పెట్టవద్దు, ఈ వారమే చూపించండి

ప్రశ్న: ఏడాది కిందట రోడ్డు పక్కన కాలు విరిగి పడి ఉన్న ఆడకుక్కను తెచ్చి సాకుతున్నాం. ఇప్పుడు మా గొర్రెల దొడ్డికి రాత్రి కాపలా అదే. వయసు ఏడెనిమిదేళ్లు ఉంటుందన్నారు. మూడు నెలల కిందట వెనక కాళ్ల దగ్గరి చన్ను పక్కన శనగగింజంత గడ్డ కనిపించింది. ఇప్పుడు నిమ్మకాయంత అయింది. తిండి బాగానే తింటోంది. కొందరు వాత పెట్టమంటున్నారు, కొందరు కోసి చీము తీయమంటున్నారు. వీధికుక్కకు ఆపరేషన్ ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: వాత పెట్టకండి, బ్లేడు తగలనివ్వకండి. చాలా ఏళ్ల కిందట ఒక గొర్రెల కాపరి ఇలాంటి గడ్డతోనే తన కుక్కను మా దగ్గరికి తెచ్చాడు. అప్పటికే కాల్చిన కొడవలితో రెండు వాతలు పెట్టారు. గడ్డ ఏమాత్రం తగ్గలేదు. పైన చర్మం మాడి, పుండు పడి, ఈగలు ముసురుతున్నాయి. ఆ మాడిన చర్మమంతా గడ్డతో పాటు తీసేయాల్సి వచ్చింది. మిగిలింది చాలక కుట్లు బిగలాగి వేశాం. పదిహేను రోజుల్లో మానాల్సిన గాయానికి నెల దాటింది. పాపం, ఆ కుక్క పడిన బాధ ఇప్పటికీ మరచిపోలేదు.

మీరు చెప్పిన చోటు, వయసు, పెరిగిన తీరు చూస్తే ఇది చన్నుల్లో పుట్టే కణితి కావచ్చని నా అనుమానం. ఆడకుక్కకు సాధారణంగా ఐదు జతల చన్నులుంటాయి. కణితులు ఎక్కువగా వచ్చేది వెనక రెండు జతల్లోనే. వీటిలో దాదాపు సగం ప్రమాదం లేనివి, మిగతా సగం క్యాన్సర్. చేత్తో తడిమి ఏది ఏదో తేల్చడం నాకైనా సాధ్యం కాదు. మూడు సెంటీమీటర్ల లోపు ఉండగానే తీసేస్తే కుక్క కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. నిమ్మకాయంత అంటే ఆ హద్దుకు వచ్చేసినట్టే, అందుకే తొందరపెడుతున్నాను.

చీముగడ్డయితే రెండు మూడు రోజుల్లోనే ఉబ్బుతుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, కుక్క చేయి వేయనివ్వదు. మూడు నెలలుగా పెరుగుతూ, తిండి తగ్గకుండా ఉన్నది చీము కాకపోవచ్చు. పైగా గజ్జల దగ్గర మెత్తని ఉబ్బు ఒక్కోసారి హెర్నియా కావచ్చు. అంటే లోపలి పేగో గర్భసంచో చర్మం కిందికి జారి ఉంటుంది. దాన్ని చీమనుకుని కోస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ రోజే ఒక దారప్పోగు గడ్డకు అడ్డంగా పట్టి, ఆ పొడవుకు కత్తిరించి, తేదీ రాసి నోటుపుస్తకంలో అంటించండి. మళ్లీ ఐదు రోజులకు ఇంకొకటి. గడ్డ చర్మంతో పాటు కదులుతోందా, అడుగున కండకు అతుక్కుని ఉందా, మిగతా చన్నుల్లో ఆవగింజంతవి ఉన్నాయా అని కూడా వేళ్లతో చూడండి. డాక్టరుకు ఇవి చాలా పనికొస్తాయి.

ముందు మీ మండల పశువైద్యశాలలో చూపించండి. కదిలించలేకపోతే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఎక్స్‌రే, పెద్ద ఆపరేషన్ మాత్రం ఆ బండిలో కావు. మీకు అందుబాటులో గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. నొప్పిలో ఉన్న కుక్క సాకిన చేతినైనా కరుస్తుంది, అందుకే ఆటో ఎక్కించే ముందు మూతికి మెత్తని నూలుగుడ్డ కట్టండి. రేబిస్ టీకా వేయించకపోతే అదే రోజు అడగండి. మీకు గాటు పడితే పదిహేను నిమిషాలు సబ్బునీటితో కడిగి, నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

పశువుల ఆసుపత్రిలో సన్నని సూదితో గడ్డలోంచి కొద్దిగా తీసి చూస్తారు. చీమా, కొవ్వా, కణితా అన్నది చాలావరకు తెలుస్తుంది. ఈ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకే అవకాశం ఎక్కువ కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీయించండి. రక్తపరీక్ష కూడా మానకండి. వీధిలో తిరిగిన కుక్కలకు పిడుదుల వల్ల వచ్చే జ్వరంతో రక్తాన్ని గడ్డకట్టించే కణాలు తగ్గి ఉండొచ్చు, తెలియక కోస్తే రక్తం ఆగదు. యోని ద్వారం నుంచి రక్తం చుక్కలు పడుతుంటే అదీ చెప్పండి. వీధికుక్కల్లో జత కట్టినప్పుడు అంటుకునే కణితి ఒకటుంది. అదయితే చాలాసార్లు కోత లేకుండానే, వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లతో నాలుగు నుంచి ఆరు వారాల్లో కరిగిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు నా మాటగా చెప్పండి: గడ్డ పగిలి పురుగులు పడ్డాక ఖర్చూ ఎక్కువ, బతికే ఆశా తక్కువ. కాలు విరిగి పడి ఉన్నదాన్ని లేపి నిలబెట్టారు, ఇప్పుడు వదిలేయకండి.

మనుషుల నొప్పి మాత్రలు వేయకండి, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. ఆపరేషన్ చేస్తే తీసిన ముక్కను ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే ద్రావణం) వేసి పరీక్షకు పంపమని గట్టిగా అడగండి, ఏ రకం కణితో ఖాయంగా చెప్పేది అదే. గర్భసంచి కూడా అప్పుడే తీయించే విషయం డాక్టరుతో మాట్లాడండి. ఈ వయసులో దానివల్ల కణితి ఆగుతుందని చెప్పలేను కానీ, గర్భసంచిలో చీము పట్టే జబ్బు తప్పుతుంది. కుట్లు విప్పే పది, పద్నాలుగు రోజుల దాకా కుట్లు నాకకుండా మెడకు గరాటు లాంటి గొట్టం ఉంచి, పొడినేల మీద గోనెసంచి పరిచి ఇంటి వసారాలోనే కట్టేయండి. అన్నాళ్లూ దొడ్డి కాపలాకు ఇంకో ఏర్పాటు చూసుకోండి.