పొద్దున్నే పట్టేసే మోకాళ్లు, వేళ్లు

అక్కా, నెలసరి ఆగాక పొద్దున్నే మోకాళ్లు, వేళ్లు పట్టేస్తున్నాయని, కాల్షియం బిళ్లలు వేసుకుంటున్నానని అనంతపురం నుంచి అడిగారు కదా. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గడం కూడా ఇందుకు ఒక కారణం కావచ్చు. మీరు వేసుకుంటున్న కాల్షియం బిళ్లలు ఎముకకు మంచివే, కీళ్లు పట్టేయడాన్ని మాత్రం తగ్గించవు.

1. లేచేముందు పడకలోనే మోకాళ్లు, వేళ్లు నెమ్మదిగా ముడిచి చాచండి. తర్వాత వేడినీళ్ల కాపడం.

2. అందరూ వదిలేసేది తొడ కండరాల బలం. నడక ఒక్కటే చాలదక్కా. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాచండి. మోకాలిచిప్ప పైనున్న కండ రాయిలా బిగియాలి. ఐదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజూ. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, దయచేసి మానకండి.

3. అనంతపురం ఎండల్లో ఉన్నా, నీడపట్టున ఉండేవారికి విటమిన్ డి తగ్గవచ్చు. రక్తపరీక్ష చేయించండి.

పట్టేయడం అరగంట దాటినా, వేళ్ల కణుపులు వాచినా కీళ్లవాతం కావచ్చు. ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు రోజూ మింగవద్దు, కిడ్నీలకు ప్రమాదం.